నాలుగో గేరు రెండు రకాలుగా మోగింది: ఒక సైకిల్ గేర్ల కేస్ స్టడీ

మా మేనల్లుడు సైకిల్ తెచ్చి గోడకి ఆనించేసరికి నా కళ్ళు నేరుగా వెనక డీరెయిలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) స్క్రూల మీదికి పోయాయి. మూడు స్క్రూలు, మూడింటి తలలూ మెరుస్తున్నాయి. ప్లస్ గాడి అంచులు చెదిరిపోయి, నల్లపూత లేచిపోయి లోపలి లోహం కనబడుతోంది. గేర్లు పడట్లేదంటూ వచ్చే ఏ సైకిల్లోనైనా నేను ముందు చూసేది ఆ తలలనే. అవి దుమ్ముపట్టి ఉన్నాయంటే మొదట్లో పెట్టిన సెట్టింగ్ అలాగే ఉందన్నమాట. మెరుస్తున్నాయంటే ఎవరో వాటితో ఇప్పటికే కుస్తీ పట్టారు, అసలు లోపం మీద ఇంకో పొర చేరింది.

ముందు 3, వెనక 8, మొత్తం 24 గేర్ల హైబ్రిడ్ సైకిల్ అది. వెనక ఒకటో గేరంటే అన్నిటికన్నా పెద్ద స్ప్రాకెట్ (పళ్ళ చక్రం), ఎనిమిదంటే అన్నిటికన్నా చిన్నది. రెండేళ్ళ వాడకం. నేను పదిహేనేళ్ళుగా ఇంట్లోనే మావాళ్ళ సైకిళ్ళు, తెలిసినవాళ్ళ సైకిళ్ళు బాగుచేస్తున్నాను. నన్ను రెండు సాయంత్రాలు కూర్చోబెట్టిన సైకిల్ కాబట్టి, ఏ వరసలో ఏం చూశానో, ఎక్కడ తప్పు దారి పట్టానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మావయ్యా, ఎనిమిదిలోకి పోవడం లేదు. ఒకటిలో వేస్తే కరకరమంటోంది. మధ్యలో ఒక్కోసారి బానే ఉంటుంది, ఒక్కోసారి రెండు క్లిక్కులు కొడితేగానీ కదలదు."

"ఎక్కడన్నా పడేశావా?"

"లేదు మావయ్యా."

"స్క్రూలు ఎన్ని చుట్లు తిప్పావు?"

"లెక్కపెట్టలేదు."

ఎనిమిదిలోకి పోవట్లేదని ముందు 'హెచ్' స్క్రూ వదులు చేశాడట. కొంత నయమనిపించింది. అదే ఊపులో 'ఎల్' స్క్రూ, ఆ తర్వాత పక్కనున్న మూడోదీ తిప్పాడు. ఏ వీడియోలో చూశాడోగానీ, స్క్రూ తిప్పితే గేరు కుదురుతుందన్న మాట ఒక్కటే బుర్రలో మిగిలింది.

మిగతావన్నీ చూసేలోపే ఒక విషయం నన్ను కంగారుపెట్టింది. వెనక చక్రం లేపి ఒకటో గేరులో వేస్తే, డీరెయిలర్ కేజ్ (చైన్ నడిచే చట్రం) కింది భాగం చక్రం పుల్లలకి (స్పోక్స్) గోరంత దూరంలో ఉంది. ఆ సందులో ఒక పోస్టుకార్డు పడుతుందేమో, అంతే. పెద్ద స్ప్రాకెట్ దాటి చైన్ పుల్లల్లో పడినా, కేజ్ పుల్లలకి తగులుకున్నా చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. డీరెయిలర్ మెలితిరిగిపోతుంది, నడిపేవాడు కింద పడతాడు. గేరు మోగుతోందని ఎవరైనా అంటే నేను ముందు చెప్పే మాట ఇదే: తేలేదాకా ఒకటో గేరు వాడకండి. వాడు వారం రోజులుగా అలాగే తొక్కుతున్నాడు.

స్క్రూలు చేసే పని

హెచ్, ఎల్ స్క్రూలు గేరుని సరిచేయవు. అవి రెండు గోడలు. హెచ్ స్క్రూ డీరెయిలర్‌ని చిన్న స్ప్రాకెట్ దాటి బయటికి పోనివ్వదు, ఎల్ స్క్రూ పెద్ద స్ప్రాకెట్ దాటి పుల్లల్లోకి పోనివ్వదు. బిగించే కొద్దీ గోడ మధ్య గేర్ల వైపు జరుగుతుంది, వదిలే కొద్దీ దూరం జరుగుతుంది. రెండు నుంచి ఏడు దాకా గేర్లలో అసలు అవి దేనినీ తాకవు. మధ్య గేర్లలో చప్పుడుకి ఈ స్క్రూలు తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఒకసారి సరిగ్గా పెడితే వాటంతట అవి కదలడం కూడా చాలా అరుదు. కాబట్టి ఎనిమిదిలోకి పోవట్లేదంటే, స్క్రూ ఎందుకు అడ్డొస్తోందని కాదు, నిన్నటిదాకా అడ్డురాని గోడ ఇవాళ ఎందుకు అడ్డొచ్చిందని అడగాలి. నేను కూడా ఈ ప్రశ్న మొదటి సాయంత్రం అడిగి ఉండాల్సింది.

నాలుగో గేరు పరీక్ష

సైకిల్‌ని బోర్లా పెట్టి గేర్లు చూడడం నాకు ఇష్టముండదు. హ్యాండిల్ మీది షిఫ్టర్లు (గేర్లు మార్చే లివర్లు) నేలకి నొక్కుకుంటాయి, కుడి ఎడమలు తారుమారై బుర్ర తిరుగుతుంది. పైన కడ్డీకి తాడు వేసి సీటు ముక్కుని వేలాడదీస్తే వెనక చక్రం నేలకి జానెడు ఎత్తులో నిలుస్తుంది, అది చాలు. ముందు చైన్‌ని మధ్య రింగు మీద పెట్టాను. పెద్ద రింగు, పెద్ద స్ప్రాకెట్ లాంటి అడ్డదిడ్డపు జోడీల్లో చైన్ వంకరగా నడిచి ఎలాగూ చప్పుడు చేస్తుంది, దాన్ని లోపమనుకుంటే మోసపోతాం.

చైన్ అరుగుదల కూడా ముందే తేల్చుకున్నాను. కొత్త చైన్లో పిన్ను నుంచి పిన్నుకి 12.7 మి.మీ., 24 పిచ్‌లకి 304.8 మి.మీ. ఇది స్కేలు పెట్టి కొలిస్తే 305 దాటి కొంచెం ఉంది. 306.4 దగ్గరికొస్తే మార్చేస్తాను. ఇక్కడ ఆ అవసరం లేదు.

తర్వాత నాలుగో గేరు. ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో ఒక్క నిమిషంలో చేసుకోవచ్చు. చేత్తో పెడల్ తిప్పుతూ మూడు నుంచి నాలుగుకి వచ్చాను. చిటచిటమంది. చైన్ పక్కనున్న మూడో స్ప్రాకెట్‌ని రాసుకుంటోంది. ఐదుకి పోయి, ఐదు నుంచి మళ్ళీ నాలుగుకి వచ్చాను. నిశ్శబ్దం. అదే గేరు, అదే క్లిక్కు, బ్యారెల్ (గేరు వైరు బిగువు సరిచేసే మర) ముట్టుకోలేదు. వచ్చిన దారిని బట్టి చప్పుడు మారింది.

వైరు బిగువులో తేడా ఉంటే ఎటు నుంచి వచ్చినా ఒకేలా మోగాలి. దారిని బట్టి మారుతోందంటే ఎక్కడో రాపిడి ఉంది. ఐదు నుంచి నాలుగుకి వచ్చేటప్పుడు మన వేలు లివర్‌ని నొక్కి వైరుని లాగుతుంది, ఎంత రాపిడి ఉన్నా వేలిదే గెలుపు. మూడు నుంచి నాలుగుకి వచ్చేటప్పుడు షిఫ్టర్ వైరుని వదులుతుందంతే. దాన్ని వెనక్కి లాక్కోవాల్సింది డీరెయిలర్ లోపలి స్ప్రింగు. అది రాపిడిని గెలవలేక మధ్యలో ఆగిపోతుంది. రెండు క్లిక్కులు కొడితేగానీ కదలదని వాడన్నది దీని గురించే.

వైరు, ఔటర్

వైరు విప్పకుండానే రాపిడి ఎక్కడుందో చూడొచ్చు. ఒకటో గేరులో పెట్టి, చక్రం ఆపేసి, పెడల్ తిప్పకుండా షిఫ్టర్‌ని ఎనిమిది దాకా క్లిక్ చేసేయాలి. చైన్ కదలదు కాబట్టి వైరు ఒక్కసారిగా వదులైపోతుంది. ఫ్రేమ్ మీద ఔటర్ (వైరు మీది తొడుగు) ఆగే చోట చీలిక ఉంటుంది, అందులోంచి ఔటర్ ముక్క బయటికొచ్చేస్తుంది. అప్పుడు ఒక్కొక్క ముక్కనీ రెండు వేళ్ళతో పట్టుకుని వైరు మీద ముందుకీ వెనక్కీ జరపాలి.

ముందు రెండు ముక్కలు వెన్నలా జరిగాయి. చివరిది, డీరెయిలర్ దగ్గర అరచందమామలా వంగి ఉండే చిన్నముక్క, ఇసుకలో లాగినట్టు గరగరలాడింది. దాని కొన మీద టోపీ లేదు. గేర్ ఔటర్ లోపల సన్నటి ఉక్కు తీగలు పొడవునా వరసగా ఉంటాయి. బ్రేక్ ఔటర్లో అయితే ఒకే పట్టీ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. టోపీ ఊడిపోతే ఆ పొడవాటి తీగలు నొక్కుడికి కొన దగ్గర విచ్చుకుని, చీపురు పుల్లల్లా బయటికి పొడుచుకొస్తాయి. ఇక్కడ సరిగ్గా అదే జరిగింది. క్లిక్కు కొట్టినప్పుడల్లా ఔటర్ పొడవే మారుతోంది. పైగా ఆ ముక్క కొన పైకి చూస్తూ ఉంటుంది కాబట్టి నీళ్ళన్నీ అందులోకే. లోపలి వైరు గోధుమరంగు తుప్పుతో బయటికొచ్చింది.

4 మి.మీ. గేర్ ఔటర్, 1.2 మి.మీ. స్టెయిన్‌లెస్ వైరు కొత్తవి వేశాను. బ్రేక్ ఔటర్ చేతిలో ఉంది కదా అని వేయకూడదు. చుట్ట చుట్టినది కాబట్టి వంపులో అది నొక్కుకుంటుంది, క్లిక్కుల గేర్లకి ఆ కాస్త చాలు చెడగొట్టడానికి. కోయడానికి పదునైన కేబుల్ కట్టర్ వాడాను. కోసిన చోట లోపలి ప్లాస్టిక్ గొట్టం నొక్కుకుపోతుంది, దాన్ని సూదితో విప్పి గుండ్రంగా చేయకపోతే కొత్త ఔటర్లో కూడా రాపిడి మొదటి రోజు నుంచే ఉంటుంది. చాలామంది వదిలేసే పని ఇది.

బిగించాక నాలుగో గేరు ఎటు నుంచి వచ్చినా నిశ్శబ్దం. పని అయిపోయిందనుకున్నాను.

తప్పు దారి

అయిపోలేదు. నాలుగు నుంచి ఏడు దాకా శుభ్రంగా ఉంది, ఒకటి రెండుల్లో కరకర పోలేదు. బ్యారెల్ అర చుట్టు బయటికి తిప్పాను. ఒకటి రెండు కుదిరాయి, ఆరు ఏడు మోగాయి. వెనక్కి తిప్పాను. ఆరు ఏడు కుదిరాయి, ఒకటి రెండు మోగాయి. పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు, దాదాపు గంటసేపు అలా ఇద్దరి మధ్య రాజీ కుదురుస్తున్నట్టు కూర్చున్నాను. వైరు కొత్తది కదా, సర్దుకుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా.

అక్కడ ఆగి లెక్క వేసుంటే ఆ గంట మిగిలేది. ఈ రకం 8 గేర్ల షిఫ్టర్ ఒక్క క్లిక్కుకి సుమారు 2.8 మి.మీ. వైరు లాగుతుంది. డీరెయిలర్ దాన్ని దాదాపు 1.7 రెట్లు చేస్తుంది. అంటే 4.8 మి.మీ. దగ్గర్లో కదలిక. క్యాసెట్లో, అంటే వెనక స్ప్రాకెట్ల గుత్తిలో, స్ప్రాకెట్ మధ్య నుంచి పక్క స్ప్రాకెట్ మధ్యకి దూరం కూడా 4.8 మి.మీ. ఒక్కో క్లిక్కుకి పడే ఈ అడుగు పొడవుని బ్యారెల్ మార్చలేదు, అన్ని అడుగుల్నీ కలిపి కొంచెం అటో ఇటో జరుపుతుందంతే. అర చుట్టుకి వైరు సుమారు 0.4 మి.మీ., డీరెయిలర్లో చైన్ తిరిగే చిన్న చక్రం, అంటే పుల్లీ, దగ్గర 0.7 మి.మీ. ఒక చివర కుదిరితే రెండో చివర చెడుతోందంటే అడుగుల పొడవే స్ప్రాకెట్లకి సరిపోవట్లేదు. షిఫ్టర్, డీరెయిలర్, క్యాసెట్ మూడూ మొదట్నుంచీ ఉన్నవే, ఒకదానికొకటి సరిపడేవే. వైరు బోల్టు కింద గాడిలోనే ఉంది. ఇక మిగిలింది డీరెయిలర్ వేలాడే హ్యాంగర్, ఫ్రేముకుండే చిన్న లోహపు ముక్క.

మర్నాడు వెలుతురులో సైకిల్ వెనక్కి వెళ్ళి, నేలమీద కూర్చుని, ఒక కన్ను మూసి చూశాను. పై పుల్లీ, కింది పుల్లీ, వాటి పైనున్న స్ప్రాకెట్ ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది పుల్లీ చక్రం వైపు వాలి ఉంది.

"ఒరేయ్, నిజంగా పడలేదా ఇది?"

వాడు చాలాసేపు ఆలోచించి చెప్పాడు. "నేను పడలేదు మావయ్యా. స్టాండులో పెట్టి ఉంటే పక్క సైకిల్ దీని మీద పడింది. కుడివైపు. నిలబెట్టి వచ్చేశాను."

అప్పటి నుంచి నేను ప్రశ్న మార్చుకున్నాను. పడేశావా అని అడగను. పక్కకి ఒరిగిందా, ఏదైనా దీని మీద పడిందా, కుడివైపు ఆనించి వాహనంలో ఎక్కించారా అని అడుగుతున్నాను.

ఇప్పుడు మొదటి ఫిర్యాదు కూడా అర్థమైంది. హ్యాంగర్ లోపలికి వంగితే డీరెయిలర్ మొత్తం చక్రం వైపు జరుగుతుంది, దాంతోపాటు రెండు గోడలూ జరుగుతాయి. బయటి గోడ చిన్న స్ప్రాకెట్‌కి అడ్డం వచ్చింది, అందుకే ఎనిమిదిలోకి పోలేదు. లోపలి గోడ పుల్లల వైపు పోయింది, అందుకే ఆ గోరంత సందు. వాడు హెచ్ స్క్రూ వదిలి మొదటి దాన్ని కప్పేశాడు, ఎల్ స్క్రూ తిప్పి రెండో దాన్ని ఇంకా పెంచాడు. తుప్పు పట్టిన ఔటర్ వేరే లోపం. రెండూ కలిసి ఉండబట్టి ఒక్కటే జబ్బులా కనబడ్డాయి.

పాతకాలపు గేర్లలో ఇంత వంపు ఎవరికీ పట్టేది కాదు. లివర్‌కి క్లిక్కులు ఉండేవి కావు, నడిపేవాడు చెవితో విని, చప్పుడు పోయేదాకా లివర్‌ని కాస్త అటో ఇటో జరుపుకునేవాడు. 1984లో సైకిల్ విడిభాగాల కంపెనీ షిమానో డ్యూరా-ఏస్‌లో 6 గేర్ల ఎస్.ఐ.ఎస్. (క్లిక్కుతో గేరు మార్చే ఏర్పాటు) వచ్చాక క్లిక్కుల పద్ధతి స్థిరపడింది. ఎక్కడ ఆగాలో చేతికి బదులు షిఫ్టర్ నిర్ణయించడం మొదలైంది. దానికి హ్యాంగర్ వంగిన సంగతి తెలియదు. గేర్లు పెరిగే కొద్దీ స్ప్రాకెట్ల మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. 11 గేర్లలో అది 3.7 మి.మీ. దగ్గరికి వచ్చేసింది. కాబట్టి ఇదే వంపు అక్కడ ఇంకా ఎక్కువ ఏడిపిస్తుంది.

హ్యాంగర్ కొలత

దీనికి గేజ్ అని ప్రత్యేకంగా పనిముట్టు ఉంది. నా దగ్గర లేదు. పాత వెనక చక్రం ఉంది. క్విక్ రిలీజ్ (లివర్ తిప్పి విప్పే) వెనక చక్రాల ఇరుసు చాలావాటికి 10 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. త్రెడ్. డీరెయిలర్ బిగించే హ్యాంగర్ కన్నం కూడా అదే కొలత. డీరెయిలర్ విప్పేసి, పాత చక్రంలోంచి క్విక్ రిలీజ్ కడ్డీ లాగేసి, ఆ ఇరుసు కొనని హ్యాంగర్లో చేత్తో ఎక్కించాను. చేత్తో సాఫీగా ఎక్కకపోతే బలవంతం చేయకూడదు, త్రెడ్ పోతే మొత్తం పోయినట్టే. ఇప్పుడు సైకిల్ చక్రం పక్కనే ఇంకో చక్రం నిలబడింది. హ్యాంగర్ తిన్నగా ఉంటే రెండు రిమ్ముల మధ్య దూరం చుట్టూ ఒకటే ఉండాలి.

పాత రిమ్ముకి వంకర ఉండొచ్చు. అది కొలతని పాడుచేయకుండా రెండు రిమ్ముల్లోనూ వాల్వ్ కన్నం ఉన్న చోటునే గుర్తుగా పెట్టుకుని, చక్రాలు తిప్పుతూ పైన, కింద, ముందు, వెనక కొలిచాను. కింద కన్నా పైన 18 మి.మీ. ఎక్కువ. ముందు వెనకల తేడా 4 మి.మీ. కంటితో చూస్తే హ్యాంగర్ వంపు వెంట్రుకవాసి. రిమ్ము అంచుకి వచ్చేసరికి అది బొటనవేలంత అయింది.

సరిచేయడానికి కూడా ఆ చక్రమే మీట. సైకిల్ వెనక చక్రం ఫ్రేములో గట్టిగా బిగించే ఉంచాలి, లేకపోతే హ్యాంగర్ బదులు ఫ్రేమ్ చెవి వంగుతుంది. పాత రిమ్ముని పైన పట్టుకుని లోపలికి, అంటే సైకిల్ చక్రం వైపు, నెమ్మదిగా తోశాను. వదిలి కొలిచాను. 16. మళ్ళీ కొంచెం. 11. మళ్ళీ. 7. అల్యూమినియం కొంత దూరం స్ప్రింగులా వెనక్కి వస్తుంది, ఆ తర్వాతే లొంగుతుంది. ఆ లొంగే చోటు చేతికి తెలుస్తుంది. అది తెలిశాక ఒక్క గింజ కూడా ఎక్కువ తోయకూడదు. ముందుకీ వెనక్కీ పదేపదే వంచితే హ్యాంగర్ విరుగుతుంది. పైకింద తేడా 3 మి.మీ. దగ్గరికి వచ్చాక ఆపేశాను. ముందు వెనకల తేడా కూడా 3. ఇంతకన్నా పట్టుపట్టనక్కర్లేదు.

ఒకసారి వంచి సరిచేసిన హ్యాంగర్‌ని నేను పూర్తిగా నమ్మను. ఇదే నమూనా కొత్తది ఒకటి తెచ్చి సంచిలో పెట్టుకోమన్నాను. ఫ్రేము ఫ్రేముకీ హ్యాంగర్ ఆకారం మారుతుంది కాబట్టి కన్నాల వరస ఫోటో తీసి ఇచ్చాను.

మళ్ళీ మొదటి నుంచి

ఇక మిగిలింది అరగంట పని. వైరు విప్పే ఉంచి, చైన్ చిన్న స్ప్రాకెట్ మీద పెట్టాను. వెనక నుంచి చూస్తే పై పుల్లీ ఆ స్ప్రాకెట్ బయటి అంచు కింద ఉండేలా హెచ్ స్క్రూ పెట్టాను. వాడు వదిలినదంతా తిరిగి బిగించాల్సి వచ్చింది. తర్వాత బ్యారెల్‌ని పూర్తిగా లోపలికి తిప్పి, ఒక చుట్టు వెనక్కి తీసి, వైరుని చేత్తో లాగి గాడిలో కూర్చోబెట్టి 5 మి.మీ. అలెన్ కీతో బోల్టు బిగించాను. వైరు ఆ బోల్టుకి తప్పు పక్కన పడితే కదలిక నిష్పత్తే మారిపోతుంది. గాడి ఎక్కడుందో చూసి మరీ పెట్టాలి.

ఎల్ స్క్రూకి షిఫ్టర్ మీద ఆధారపడలేదు. చక్రం తిప్పుతూ డీరెయిలర్‌ని చేత్తో లోపలికి నెట్టి, పై పుల్లీ సరిగ్గా పెద్ద స్ప్రాకెట్ కిందికి వచ్చి ఆగేదాకా బిగించాను. ఎంత గట్టిగా నెట్టినా చైన్ పుల్లల వైపు దాటలేదు. మూడో స్క్రూ, బి-టెన్షన్ది, పెద్ద స్ప్రాకెట్‌కీ పై పుల్లీకీ మధ్య 5, 6 మి.మీ. సందు వచ్చేలా పెట్టాను.

చివరికి బ్యారెల్. ఎనిమిది నుంచి ఏడుకి ఒక్క క్లిక్కు కొట్టి, చైన్ పక్కనున్న ఆరుకి తగిలి సన్నగా చిటచిటమనేదాకా బ్యారెల్ బయటికి తిప్పి, ఆ చప్పుడు పోయేంత మాత్రం వెనక్కి తెచ్చాను. ఎనిమిది నుంచి ఒకటికి, ఒకటి నుంచి ఎనిమిదికి పోయొచ్చాను. మధ్యలో ఎక్కడా బ్యారెల్ మళ్ళీ ముట్టుకోవలసిన పని రాలేదు. ముందురోజు గంటసేపు కుదరనిది రెండు నిమిషాల్లో కుదిరింది.

తాడుకి వేలాడేటప్పుడు బాగున్న గేరు మనిషి బరువు పడితే మారొచ్చు. అందుకని వాడిని ఎత్తు ఎక్కించి రమ్మన్నాను. రెండులో నిలబడి తొక్కినా చైన్ జారలేదని చెప్పాడు. అప్పుడు మూడు స్క్రూల తలల మీదా గోళ్ళరంగు చుక్క ఒక్కొక్కటి, స్క్రూకీ డీరెయిలర్‌కీ కలిపి పెట్టాను. ఎవరు తిప్పినా ఆ చుక్క చీలుతుంది.

పన్నెండో రోజు ఫోన్ చేశాడు. "మావయ్యా, మూడు నుంచి నాలుగుకి కాస్త ఆలస్యంగా పడుతోంది. ఐదు నుంచి నాలుగుకి వచ్చినా అంతే, చైన్ మూడు వైపే రాసుకుంటోంది." కొత్త వైరు సాగితే ఇలా ఉండదు, అప్పుడు చైన్ ఐదు వైపు పోతుంది. షిఫ్టర్ దగ్గరున్న బ్యారెల్‌ని దారిలో ఎవరో తిప్పి ఉంటారని, ఎటు తిప్పాలో వాడినే చెప్పమన్నాను. "వైరు బిగువు ఎక్కువైంది, లోపలికి తిప్పాలి," అన్నాడు. పావు చుట్టు తిప్పాడు, కుదిరింది. తర్వాతి వారం సైకిల్ తెచ్చినప్పుడు వంగి చూశాను. మూడు చుక్కలూ చీలకుండా ఉన్నాయి.